పాలు తాగుతూ ఏడ్చే బిడ్డ

రెండు మూడు నెలల బిడ్డ. రొమ్ము పట్టి నాలుగు గుక్కలు తాగగానే వదిలేసి గుక్కపెట్టి ఏడుస్తుంది. నుదుట చెమట, ముఖం పాలిపోతుంది. ఇంట్లో కడుపునొప్పి అనుకుని గ్రైప్ వాటర్ పడతారు, అమ్మమ్మ దిష్టి తీస్తుంది. చాలాసార్లు కడుపునొప్పే. ఎప్పుడో ఒక్క బిడ్డలో మాత్రం అది గుండెనొప్పి. ఆ వయసులో పాలు తాగడాన్ని మించిన శ్రమ లేదు మరి.

ఆ నొప్పికి మూలమైన, పుట్టుకతో వచ్చే గుండె లోపాన్ని ఆల్కాపా అంటాం. 1933లో బోస్టన్ వైద్యులు బ్లాండ్, వైట్, గార్లాండ్ దీన్ని వివరంగా రాశారు. సుమారు 3 లక్షల జననాల్లో ఒకరికి వస్తుంది. బృహద్ధమని నుంచి పుట్టాల్సిన ఎడమ కరోనరీ (గుండె కండరానికి రక్తం అందించే ధమని), ఊపిరితిత్తులకు వెళ్లే ధమని నుంచి పుడుతుంది. పుట్టిన కొత్తలో ఆ ధమనిలో పీడనం ఎక్కువ కాబట్టి బిడ్డ బాగానే ఉంటుంది. వారాలు గడిచి పీడనం తగ్గాక, కుడి కరోనరీ నుంచి వచ్చే రక్తం కూడా ఎడమ కరోనరీ గుండా వెనక్కి, ఊపిరితిత్తుల వైపే మళ్లుతుంది. గుండె కండరం పస్తులుంటుంది.

ఎకోలో ఎడమ గది ఉబ్బి, నీరసంగా కొట్టుకుంటూ కనిపిస్తుంది. మైట్రల్ కవాటం లీకవుతుంది. గుండె కండరం జబ్బని రాసేసి మందులతో పంపడం చాలా తేలిక. నేను ఒప్పుకోనిది అక్కడే. ఎడమ కరోనరీ ఎక్కడ పుట్టిందో కళ్లారా చూడకుండా ఆ మాట రాయకూడదు. పక్కనున్న సైనస్ (గుండె పొర మడతలోని ఖాళీ) వల్ల అది బృహద్ధమని నుంచే పుట్టినట్టు భ్రమ కలగవచ్చు, అందుకే కలర్ డాప్లర్‌లో రక్తం ఏ దిక్కుకు పోతోందో చూడాలి. ఈసీజీలో ఒకటో లీడ్, ఏవీఎల్‌లలో లోతైన క్యూ తరంగాలుంటే అనుమానం బలపడుతుంది. అయినా తేలకపోతే సీటీ యాంజియో ఉంది.

ఇంత పట్టుబట్టడానికి కారణం, ఇది సరిచేయగల జబ్బు కావడం. వదిలేస్తే ఎక్కువమంది ఏడాది దాటరు. సర్జన్ ఎడమ కరోనరీ మొదలును చుట్టూ కొంత గోడతో సహా కోసి బృహద్ధమనికి అతుకుతారు. ఆ తర్వాతి కొన్ని రోజులు గండమే, కొందరికి గుండె, ఊపిరితిత్తుల పని చేసిపెట్టే ఎక్మో యంత్రం సాయం కావాలి. కానీ రక్తం అందాక, చచ్చిపోయిందనుకున్న కండరం నెలల్లో కోలుకుంటుంది. చాలామందిలో కవాటం లీకూ తగ్గుతుంది. ఈ వృత్తిలో నాకు ఇంతకు మించిన సంతోషం లేదు.

కొందరిలో మచ్చ మిగులుతుంది, అతికిన చోట ధమని ఇరుకు కావచ్చు. అందుకే పిల్లలు బడికెళ్లి ఆటల్లో పడ్డాక కూడా, ఏటా ఒకసారి తీసుకురమ్మని తల్లులకు గట్టిగా చెబుతాను.