రాయి తవ్విన చోట నురుగు పుట్టింది

లువార్ నది అవతలి ఒడ్డు నుంచి చూస్తే సోమూర్ పట్నం మొత్తం ఒకే రంగులో కనిపిస్తుంది. గుట్ట మీద కోట, దాని కింద చర్చి గోపురం, నది వెంబడి వరుసగా ఇళ్లు. అన్నిటివీ మీగడ రంగు గోడలు, నల్లటి పలకరాళ్ల కప్పులు. పారిస్‌కు నైరుతి దిక్కున సుమారు 300 కిలోమీటర్ల దూరంలో, ఆంజూ ప్రాంతంలో ఉందీ ఊరు. ఇక్కడికి కోట చూడడానికి వచ్చేవాళ్లు కొందరు, వైన్ రుచి చూడడానికి వచ్చేవాళ్లు కొందరు. నాకు మాత్రం ఆ రెండూ ఒకే పనికి రెండు కొసల్లా అనిపించాయి. కోట కోసం గుట్టను తొలిచి రాయి తీశారు. అలా తీసిన చోట మిగిలిన చీకటి గుహల్లోనే తర్వాతి తరాలు వైన్‌కు నురుగు పట్టించాయి. అందుకే సోమూర్ వెళ్లేవాళ్లు కోట మెట్లెక్కే ముందు నేల కిందికి దిగాలంటాను.

ఆ రాయి పేరు తుఫో. దాదాపు 9 కోట్ల ఏళ్ల కిందట ఈ ప్రాంతమంతా లోతు తక్కువ సముద్రం. సముద్ర జీవుల గుల్లలు, సన్నటి ఇసుక, అభ్రకం రేణువులు అడుగున పేరుకుని, బిగిసి ఈ సున్నపురాయిగా మారాయి. ఇందులో దాదాపు సగం సన్నటి రంధ్రాలే. గనిలోంచి తీసినప్పుడు చెమ్మగా, రంపంతో కోయగలిగేంత మెత్తగా ఉంటుంది. గాలి తగిలి ఆరేకొద్దీ పైపొర గట్టిపడుతుంది. చెక్కేవాళ్లకు ఇంతకన్నా కావలసిందేముంది? సోమూర్‌కు దగ్గర్లోనే ఫోంతెవ్రో మఠం ఉంది. అక్కడ ఇంగ్లండ్ రాజు రెండో హెన్రీ, రాణి ఎలినార్, వాళ్ల కొడుకు రిచర్డ్ సమాధుల మీది ప్రతిమలు తుఫోలో మలిచినవే. పడుకుని ఉన్న ఎలినార్ చేతిలో తెరిచిన పుస్తకం ఉంటుంది. ఎనిమిది వందల ఏళ్ల నాటి ఆ పుస్తకాన్ని చూస్తే ఈ రాయి ఉలికి ఎంత లొంగుతుందో తెలుస్తుంది.

గనివాళ్లు గుట్ట పక్క నుంచి అడ్డంగా తొలుచుకుంటూ లోపలికి వెళ్లేవారు. కప్పు కూలకుండా మధ్యమధ్య రాతినే స్తంభాలుగా వదిలేసేవారు. మొనదేలిన పనిముట్లతో గాడులు కొట్టి, చీలలు దిగ్గొట్టి దిమ్మెను విడదీసేవారు. ఇంత బరువును మోయడానికి పక్కనే నది ఉంది. అడుగు చదునుగా ఉండే పడవలు ప్రవాహంతో దిగువకు వెళ్లేవి. సముద్రం వైపు నుంచి పడమటి గాలి వీచినప్పుడు తెరచాపలెత్తి ఎగువకూ వెళ్లేవి. ఏరు ఒక దిక్కుకి, గాలి మరో దిక్కుకి సాయపడే ఇలాంటి నది దొరకడం లువార్ ప్రజల అదృష్టం. ఒడ్డుల వెంట అన్ని తెల్లటి కోటలు లేవడానికి ఈ రాయీ, ఈ రవాణా ముఖ్య కారణాలు. 2000లో యునెస్కో ఈ లోయను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

శతాబ్దాల పాటు ఇలా తవ్వగా గుట్టల కింద వందల కిలోమీటర్ల సొరంగాలు మిగిలాయి. లోపల ఏడాది పొడవునా 12, 13 డిగ్రీలు ఉంటుంది. వెలుతురు లేదు, కుదుపు లేదు, గాలిలో చెమ్మ ఎక్కువ. కొన్ని కుటుంబాలు ఆ గుహలకు తలుపులు, పొగగొట్టాలు పెట్టుకుని కాపురాలు చేశాయి. వైన్‌కూ ఆ గుహలే పనికొచ్చాయి. ఆంట్వెర్ప్ నుంచి వచ్చిన జాన్ బాప్టిస్ట్ ఆకెర్మన్ అనే వ్యాపారి 1811లో సంస్థ స్థాపించి, పట్నం పక్కనే ఉన్న సెయింట్ ఇలేర్ సెయింట్ ఫ్లోరాన్‌లో బుడగల వైన్ తయారుచేశాడు. సీసాలోనే బుడగలు పుట్టించే షాంపేన్ ప్రాంతపు పద్ధతికి కావలసిన చల్లదనం, చీకటి ఇక్కడ తవ్వి సిద్ధంగా ఉన్నాయి. ఆ పద్ధతికి సరిపడే ద్రాక్ష కూడా పైన కొండల మీదే పండుతోంది.

ఆ ద్రాక్ష షెనిన్ బ్లాంక్. మన నాసిక్ తోటల్లోనూ విరివిగా పండే రకమే ఇది. పండినా పులుపు వదలకపోవడం దీని గుణం. బుడగల వైన్‌కు ప్రాణం ఆ పులుపే. క్రెమాన్ ద లువార్ అనే ఇక్కడి బుడగల వైన్‌కు గుత్తులు చేత్తోనే కోయాలని నియమం. యంత్రంతో కోస్తే పళ్లు చితికి తొక్కలోని రంగు, వగరు రసంలోకి దిగుతాయి. 150 కిలోల పళ్ల నుంచి 100 లీటర్లకు మించి రసం తీయకూడదు. గట్టిగా పిండితే వచ్చే చివరి రసం ముతకగా ఉంటుంది కాబట్టి దాన్ని వదులుకోవలసిందే.

ఈ రసం మొదట మామూలుగా పులిసి, బుడగల్లేని పుల్లటి తెల్ల వైన్ అవుతుంది. అసలు విద్య ఆ తర్వాతే. వైన్‌ను మందపాటి గాజు సీసాల్లో పోసి, లీటరుకు సుమారు 24 గ్రాముల చక్కెర, కాస్త ఈస్ట్ కలిపి మూత బిగిస్తారు. సీసాలను గుహలో పడుకోబెడతారు. ఈస్ట్ ఆ చక్కెరను తింటూ బొగ్గుపులుసు వాయువు వదులుతుంది. బయటికి దారి లేక ఆ వాయువు వైన్‌లోనే కరుగుతుంది. లీటరుకు 4 గ్రాముల చక్కెర సుమారు ఒక వాతావరణ పీడనాన్నిస్తుంది కాబట్టి లోపల ఆరు వాతావరణాల ఒత్తిడి తయారవుతుంది. కారు టైరులో ఉండే ఒత్తిడికి ఇది రెండింతల పైమాట. గాజులో చిన్న లోపమున్నా సీసా పగిలిపోతుంది. వేడి పెరిగితే ఒత్తిడీ పెరుగుతుంది. నిలకడగా చల్లగా ఉండే గుహ విలువ ఇక్కడే తెలుస్తుంది.

చక్కెర అయిపోయాక ఈస్ట్ చచ్చి మడ్డిగా అడుక్కి చేరుతుంది. ఆ మడ్డి మీదే వైన్ నెలల తరబడి కూర్చుంటుంది. క్రెమాన్‌కు కనీసం 9 నెలలు. మంచి తయారీదారులు రెండు మూడేళ్లూ ఉంచుతారు. మడ్డి మెల్లగా కరుగుతూ వైన్‌కు కాల్చిన రొట్టె వాసనను, నోట్లో కాస్త చిక్కదనాన్ని ఇస్తుంది. బుడగలు నాలుకకు గుచ్చుకోకుండా సన్నగా, విడవకుండా పైకి రావడానికి ఈ ఓపికే కారణం.

ఇక ఆ మడ్డిని బయటికి తీయాలి. వాలుగా బెజ్జాలు తొలిచిన చెక్క పలకల్లో సీసాలను మెడ కిందికి వచ్చేలా గుచ్చి, రోజూ ఒక్కొక్కదాన్ని ఎనిమిదో వంతు తిప్పుతూ, కొంచెం కొంచెంగా నిలువుకు తెస్తారు. కొన్ని వారాలకు మడ్డంతా జారి మూత దగ్గర చేరుతుంది. అప్పుడు సీసా మెడను సున్నాకు చాలా దిగువన ఉండే చల్లటి ద్రావణంలో ముంచితే మడ్డి మంచుబిళ్లలో చిక్కుకుంటుంది. మూత తీయగానే లోపలి ఒత్తిడే ఆ బిళ్లను బయటికి తోసేస్తుంది. తగ్గిన మేరకు వైన్, కొద్దిగా చక్కెర కలిపి, బెండు బిరడా బిగించి తీగ కడతారు.

వేల సీసాలను రెండు చేతులతో చకచకా తిప్పే నిపుణుల పనిని ఇప్పుడు చాలాచోట్ల యంత్రాలే చేస్తున్నాయి. వందల సీసాలున్న బోను దానంతటదే తిరిగి, వారంలో పని ముగిస్తుంది. సంప్రదాయం పోయిందని దీనికి బాధపడేవాళ్లు ఉన్నారు. నేను ఆ బాధను పంచుకోలేను. తిప్పడమంటే మడ్డిని జార్చడమే. అది చెయ్యి చేసినా, బోను చేసినా వైన్ రుచి మారదు. మడ్డి మీద గడిపే కాలాన్ని కుదిస్తే మాత్రం సంప్రదాయం నిజంగానే పోతుంది. చేత్తో కోయడం, ముతక రసాన్ని వదులుకోవడం, సీసాను చీకట్లో ఏళ్లపాటు కదపకుండా ఉంచడం, వీటికి యంత్రం బదులు రాలేదు.

ఈ వైన్ పేరు కోసం పోరాటమూ జరిగింది. 19వ శతాబ్దంలో ఇక్కడి వ్యాపారులు తమ సరుకును షాంపేన్‌గా అమ్ముకోబోతే, ఆ పేరు షాంపేన్ ప్రాంతానికే చెందుతుందని 1887లో ఆంజే అప్పీలు కోర్టు తేల్చింది. సోమూర్ తన పేరు మీదే నిలబడవలసి వచ్చింది. 1975లో క్రెమాన్ ద లువార్‌కు ప్రభుత్వ గుర్తింపు దక్కింది. ఆ తీర్పు ఊరికి మేలే చేసిందని నా అభిప్రాయం. అరువు పేరుతో అమ్ముడైన వైన్‌కు ఊరంటూ ఉండదు. పేరు ఊరిదే అయినా యాజమాన్యాలు మాత్రం చేతులు మారాయి. 1851లో పుట్టిన బూవే లాదుబే అనే ఇక్కడి సంస్థ 2006లో మన యూబీ గ్రూపు చేతికి వచ్చి, 2015లో తిరిగి ఒకప్పటి యజమానుల కుటుంబానికే చేరింది.

పాత గనుల్లో కొన్నిట్లో పుట్టగొడుగులు పెంచుతున్నారు. పెద్ద పుట్టగొడుగుల్లో కూరలు, మాంసం కూరి కాల్చి పెడతారు. కట్టెల పొయ్యిలో పొంగిన చిన్న రొట్టెల్లో చిక్కుళ్లు నింపి ఇస్తారు. పక్కన ఆ గుట్ట మీది వైన్ ఉంటే ఇంకేమీ అక్కర్లేదు.

కోట విషయానికొస్తే, 15వ శతాబ్దపు ప్రసిద్ధ ప్రార్థనా గ్రంథం ఒకదానిలో సెప్టెంబరు నెల చిత్రం చూడాలి. పైన సోమూర్ కోట శిఖరాలు, ముందు ద్రాక్ష కోత, గుత్తులు నోట్లో వేసుకుంటున్న కూలీ, పీపాలున్న ఎడ్లబండి కనిపిస్తాయి. లింబూర్గ్ సోదరులు మొదలుపెట్టిన ఈ గ్రంథాన్ని దశాబ్దాల తర్వాత జాన్ కొలోంబ్ పూర్తి చేశాడు. ఆ శిఖరాల్లో చాలావరకు ఈనాడు లేవు. ఉన్నవాటికీ నిత్యం మరమ్మతు తప్పదు. మెత్తటి రాయి కనుక వాన, మంచు దాన్ని తింటూనే ఉంటాయి. 2001లో కోట ప్రాకారంలో కొంత భాగం కూలిపోయింది. అరిగిన దిమ్మెను తొలగించి, అదే కొలతతో కొత్త దిమ్మె చెక్కి అమర్చాలి. అతకడానికి సున్నమే వాడాలి. సిమెంటు వేస్తే చెమ్మ బయటికి పోలేక రాయి లోపలినుంచి పొరలుపొరలుగా రాలుతుంది. ఆ సంగతి తెలిసిన రాతిపనివాళ్లు ఉన్నంతకాలం గోడలు నిలుస్తాయి.

సెప్టెంబరులో వెళ్లగలిగితే కోత కూడా చూడవచ్చు. వైన్ గుహల సందర్శనకు ముందే సమయం అడిగి పెట్టుకోండి. బయట ఎండ కాస్తున్నా స్వెట్టర్ మర్చిపోవద్దు. రుచి చూసేటప్పుడు మడ్డి మీద ఏడాదిలోపే ఉన్నదీ, మూడేళ్లున్నదీ పక్కపక్కన పోయమనండి.