రానిచ్చే గోడ, ఆపే గోడ

క్లోమగ్రంథిలో ఇన్సులిన్ తయారుచేసే కణాలను పాలిమర్ పొరలో పెట్టి, మధుమేహం ఉన్న ఎలుకల్లోకి ఎక్కించారు ఫ్రాంక్లిన్ లిమ్, ఆంథొనీ సన్. ఒక్కసారి పెట్టిన ఆ క్యాప్సూల్స్ 2 నుంచి 3 వారాలు చక్కెరను అదుపులో ఉంచాయని 1980లో ‘సైన్స్’ పత్రికలో రాశారు. ఆ పొరలో ఉన్న పనితనం చూసినకొద్దీ ముచ్చటేస్తుంది.

ముడిసరుకు గోధుమరంగు సముద్రపు నాచు నుంచి తీసే ఆల్జినేట్. దాని ద్రావణంలో కణాలు కలిపి, సన్నని సూదిలోంచి కాల్షియం క్లోరైడ్ నీటిలోకి బొట్లుబొట్లుగా వదులుతారు. తన బరువుకు తానే రాలే బొట్టు మరీ పెద్దది. అందుకే సూది చుట్టూ గాలి ఊది, బొట్టు చిన్నగా ఉండగానే తెంపుతారు. కాల్షియం తగలగానే ఆల్జినేట్ గొలుసులు ముడిపడి బొట్టు జెల్‌గా బిగుస్తుంది. వేడీ ఘాటు రసాయనాలూ అక్కర్లేదు కాబట్టే లోపలి కణాలు బతికి బయటపడతాయి. రుణావేశమున్న ఆ పూసకు ధనావేశమున్న పాలీ-ఎల్-లైసిన్ పూత అతుక్కుంటుంది. ఆ పూతను శరీరం సహించదు కనుక దానిమీద మళ్లీ ఆల్జినేట్ తొడుగుతారు.

అణుభారం 180 ఉన్న గ్లూకోజ్, సుమారు 5,800 ఉన్న ఇన్సులిన్ ఈ గోడ దాటాలి. పరాయి కణాలపై దాడికి వచ్చే, దాదాపు 1,50,000 ఉన్న యాంటీబాడీ ఆగిపోవాలి. దాన్ని తేల్చడానికి వేర్వేరు పరిమాణాల్లో మెరిసే డెక్స్‌ట్రాన్ అణువులను వదిలి, ఏది లోపలికి చేరిందో మైక్రోస్కోపులో చూస్తారు. గోడ గట్టితనం చూడటానికి క్యాప్సూల్స్‌ను ఉప్పు తక్కువైన నీటిలో ఉబ్బించి, గాజుపూసలతో కలిపి తిప్పి, పగిలినవి లెక్కపెడతారు. చివరగా గ్లూకోజ్ పెంచి ఇన్సులిన్ పెరిగిందా, తగ్గించి ఇన్సులిన్ తగ్గిందా అని కొలుస్తారు.

అన్నిటికంటే గట్టి పరీక్ష శరీరానిదే. పరాయి వస్తువు చుట్టూ అది మచ్చ కణజాలం అల్లుతుంది, ఆక్సిజన్ అందక లోపలి కణాలు చనిపోతాయి. చిన్న క్యాప్సూల్సే మేలని అందరూ నమ్ముతున్న రోజుల్లో, 1.5 మిల్లీమీటర్ల గోళాలకే మచ్చ తక్కువ పడుతుందని 2015లో ఎంఐటీ పరిశోధకులు జంతువుల్లో చూపారు. కానీ గోళం పెరిగితే నడిమధ్యకు ఆక్సిజన్ చేరాల్సిన దూరమూ పెరుగుతుంది.

మధుమేహానికి ఇది ఇంకా మామూలు చికిత్స కాలేదు. అలాంటి క్యాప్సూల్ వచ్చిందని వార్త చదివినప్పుడు, అది ఏయే పరీక్షలకు తట్టుకుందో, ఎన్నాళ్లు తట్టుకుందో తప్పక అడగండి. ఈ పనివారికి మనం ఇవ్వగల అసలైన గౌరవం అదే.