ఎర్ర బటన్ ఎవరు నొక్కాలి?

మిమిరాన్ అనే బాస్ ఉండే గదిలో, అతని వెనక ఒక పెద్ద ఎర్ర బటన్ ఉంటుంది. దాన్ని నొక్కొద్దని అక్కడే రాసి ఉంటుంది. దాని జోలికి పోకపోతే పోరాటం మామూలుగా సాగుతుంది. నొక్కారో, గది పేలిపోవడానికి గడియారం మొదలవుతుంది. నేల మీద మంటలు పుట్టి ఆటగాళ్ల వైపు పాకుతూ వస్తాయి. గెలిస్తే దక్కేది కూడా పెద్దదే. ఈ బాస్ వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆన్‌లైన్ ఆటలో 2009 ఏప్రిల్‌లో వచ్చిన అల్డువార్ అనే రెయిడ్‌లోవాడు; రెయిడ్ అంటే పెద్ద జట్టు కలిసి చేసే దండయాత్ర. ఈ రకం ఆటల్లో అంత తెలివైన బటన్‌ను నేను ఇంకెక్కడా చూడలేదు, ఎందుకంటే కష్టం ఎంత కావాలో ఆటగాళ్లే ఎంచుకుంటారు.

ఆఫీసు నుంచి వచ్చి, పిల్లల్ని నిద్రపుచ్చి, ఒక గంట ఆడుకునేవాళ్లూ, రాత్రుళ్లు కూర్చుని ఒకే బాస్ మీద వందల సార్లు సాధన చేసేవాళ్లూ ఒకే ఆన్‌లైన్ లోకంలో ఉంటారు. ఒకరికి సరిపడే కష్టం ఇంకొకరికి నిద్ర తెప్పిస్తుంది, లేదా ఏడిపిస్తుంది. 2004 నవంబరులో ఈ ఆట మొదలైనప్పుడు పెద్ద రెయిడ్‌లకు నలభై మంది కావాల్సి వచ్చేది. 2006లో వచ్చిన నాక్స్‌రామస్ అనే రెయిడ్‌ను అప్పట్లో లోపలికి వెళ్లి చూసినవాళ్లే చాలా తక్కువ. ఎంతో శ్రమపడి కట్టిన కోట కొద్దిమందికే తెరుచుకుంది. 2008లో దాన్నే పదిమందికీ పాతికమందికీ సరిపోయేలా తిరగరాసి మళ్లీ ఇచ్చారు.

ఆ నాక్స్‌రామస్‌లో ఇద్దరు బాస్‌లను పక్కపక్కన పెట్టి చూస్తే కష్టం గురించి నాకు చాలా అర్థమైంది. నేను హీలర్‌ని, గాయాలు మాన్పే పాత్ర. జట్టులో అందరి ప్రాణాలూ నా తెర మీద గీతలుగా కనిపిస్తుంటాయి. ఎవరి గీత ఎప్పుడు, ఎందుకు పడిపోతోందో చూడటమే నా పని. మొదటి బాస్ హేగన్ దగ్గర నేల నాలుగు భాగాలు. ఒక భాగం మినహా మిగతావి ఒక వరసలో ఉడికి పైకి చిమ్ముతుంటాయి. ఆ వరస పట్టుకుని అటూ ఇటూ నడవాలి. తప్పటడుగు వేసినవాడు తనొక్కడే పోతాడు. మిగతావాళ్ల ఆట సాగుతూనే ఉంటుంది. రెండో బాస్ థాడియస్ దగ్గర అలా కాదు. ఒక్కొక్కరికీ ధన విద్యుత్తో రుణ విద్యుత్తో అంటగడతాడు, మధ్యమధ్యలో మార్చేస్తాడు. మారినప్పుడు చూసుకోకుండా ఒక్కరు తప్పు వైపు నిలబడితే చుట్టూ ఉన్నవాళ్ల గీతలన్నీ ఒకేసారి కూలిపోతాయి.

చేయాల్సిన పని చూస్తే థాడియస్‌దే సులువు. గుర్తు చూసుకుని కుడికో ఎడమకో వెళ్లడమే. అయినా జట్లలో గొడవలు అక్కడే ఎక్కువ. హేగన్ దగ్గర చచ్చిపోయిన కొత్తవాడిని చూసి అందరూ నవ్వుతారు, ఇంకోసారి చూపిస్తారు. థాడియస్ దగ్గర కొత్తవాడి పేరు పెట్టి తిడతారు, వచ్చే వారం పిలవరు. తప్పు చేసినవాడికే దెబ్బ తగులుతుందా, అందరికీనా అన్నదే మనుషుల తీరును మార్చేస్తోంది. బాస్‌కు ఎంత ప్రాణం ఉండాలి, ఎంత గట్టిగా కొట్టాలి అని లెక్కలు వేసే డిజైనర్లు ఈ సంగతి ముందు తేల్చుకోవాలని నా గట్టి నమ్మకం. అంకెలు పెంచినంత మాత్రాన ఆటగాడు కొత్తగా నేర్చుకునేదేమీ ఉండదు, హీలర్ చేతులు నొప్పి పుడతాయంతే.

కష్టం ఎంత ఉండాలో ఆటగాళ్లకే వదిలేయడంలో అల్డువార్ గొప్పదనం ఉంది. చివరి బాస్ యాగ్‌సారన్ మీదికి వెళ్లేటప్పుడు నలుగురు కాపరులు సాయానికి సిద్ధంగా ఉంటారు. ఎంతమందిని వద్దంటే పోరాటం అంత కఠినం. ఎవరి సాయమూ లేకుండా గెలవడం ఆ రోజుల్లో ప్రపంచంలోని మేటి జట్లకే నెలల పని. కానీ నలుగురినీ వెంటబెట్టుకుని వెళ్లిన మా లాంటి జట్టు చూసిందీ అదే యాగ్‌సారన్‌ను, అదే గదిలో. అష్టావధానంలో నిషిద్ధాక్షరి అంశం ఇలాంటిదే. పద్యం అందరూ వింటారు, పృచ్ఛకుడు ఒక్కో అక్షరాన్ని నిషేధిస్తుంటే కష్టం సభ కళ్లెదుటే పెరుగుతుంది. అది ఎక్కడ పెరిగిందో ఛందస్సు రానివాడికి కూడా తెలుస్తుంది.

ఈ పద్ధతితో ఇబ్బందులూ ఉన్నాయి. అల్డువార్‌లోనే ఎక్స్‌టీ అనే యంత్రం గుండె బయటపడినప్పుడు దాన్ని పగలగొడితే కఠినమైన పోరాటం మొదలవుతుంది. జట్టు బలపడిన కొద్దీ, అనుకోకుండా పగిలిపోతుందేమోనని చెయ్యి ఆపుకోవాల్సి వచ్చేది. ఒకే పోరాటంలో రెండు పోరాటాలు ఇమడ్చడం తయారుచేసేవాళ్లకు కూడా భారమే. 2009 ఆగస్టులో వచ్చిన తర్వాతి రెయిడ్‌లో కష్టం మెనూలోకి వెళ్లిపోయింది. తలుపు బయటే ఎంచుకోవాలి. 2011లో ముక్కూమొహం తెలియనివాళ్లను జతచేసే రెయిడ్ ఫైండర్ వచ్చింది. 2014కల్లా ఒకే రెయిడ్‌కు నాలుగు మెట్లు స్థిరపడ్డాయి. అందరూ అన్నీ చూడగలుగుతున్నారు, అది చిన్న విషయమేమీ కాదు. కానీ నాలుగు మెట్ల మీదివాళ్లు ఒకరికొకరు తారసపడటం తగ్గింది. ఆరితేరినవాళ్లు ఏం చేస్తారో పక్కన నిలబడి చూసే అవకాశం కొత్తవాడికి పోయింది.

మధ్యలో 2009 చివర్లో వచ్చిన ఐస్‌క్రౌన్ సిటడెల్‌లో ఇంకో మంచి ప్రయత్నం జరిగింది. కొన్ని వారాలు గడిచాక ఆటగాళ్ల బలం అయిదు శాతం పెంచారు. అలా విడతలవారీగా ముప్ఫై శాతం దాకా తీసుకెళ్లారు. అక్కర్లేదనుకున్న జట్టు ఆ బలాన్ని వదులుకోవచ్చు. నేర్పరులు ముందు గెలిచారు, తీరికగా ఆడేవాళ్లు తర్వాత గెలిచారు. అందరూ ఎక్కింది ఒకే కొండ. 

2016లో అదే ఆటలో, చిన్న జట్లు ఆడే డంజన్‌ల కష్టాన్ని పెంచే కీస్టోన్లు వచ్చాయి. అయిదుగురు గడువులోగా డంజన్ పూర్తిచేయాలి. గడువు దాటితే చాలాకాలం పాటు కీస్టోన్ స్థాయి ఒక మెట్టు దిగేది. ఆ ఒక్క నియమంతో అపరిచితుడిని జట్టులోకి తీసుకునే ముందు స్కోరు అడగడం మామూలైపోయింది. థాడియస్ కథే మళ్లీ.

దీనికి సరైన విరుగుడు కనిపించింది ఫైనల్ ఫాంటసీ 14లో. 2010లో దెబ్బతిన్న ఆ ఆటను నవోకి యోషిదా బృందం 2013లో కొత్తగా నిలబెట్టింది. అక్కడ పాత డంజన్‌లోకి కూడా ఆరితేరినవాళ్లు వెళుతుంటారు, వాళ్ల స్థాయి ఆ డంజన్‌కు తగినట్టు తగ్గిపోతుంది. జట్టులో తొలిసారి వచ్చినవాడు ఒక్కడున్నా, పూర్తిచేశాక అందరికీ అదనపు బహుమతి. ఆ సంగతి తెర మీద ముందే చెబుతారు. అప్పుడు చాట్‌లో పలకరింపులు మొదలవుతాయి: తొందర లేదు, వీడియో సన్నివేశాలు చూసుకో, ఇక్కడ ఇలా నిలబడు. సాధారణ స్థాయిలో తప్పు చేస్తే తర్వాతి దెబ్బ కాస్త గట్టిగా తగులుతుందంతే, సావేజ్ అనే కఠినమైన స్థాయిలో అదే తప్పుకు ఎనిమిది మందీ పోవచ్చు. మామూలు డంజన్‌లలో కొత్తవాడి రాక జట్టుకు లాభం, అందుకే అతన్ని ఎవరూ బయటికి తోయరు.

నా లాంటివాళ్ల తరఫున ఇంకొక్క మాట. నేను ఆడే సర్వర్ సముద్రాల అవతల ఉంది. హైదరాబాద్‌లో నేను మీట నొక్కిన క్షణానికీ, అక్కడ అది చేరే క్షణానికీ మధ్య కంటికి తెలిసేంత ఆలస్యం. రెప్పపాటులో స్పందించమనే పోరాటాల్లో నేను ఎంత సాధన చేసినా ఆ దూరం తగ్గదు. హేగన్ దగ్గర మాత్రం వరస గుర్తుంటే చాలు, నేల చిమ్మకముందే కదలొచ్చు. కఠినమైన స్థాయిని కట్టేటప్పుడు జ్ఞాపకానికీ ముందుచూపుకూ ఇంకాస్త ఎక్కువ చోటిస్తే, ఇంత దూరం నుంచి ఆడేవాళ్లం కూడా ఆ ఎర్ర బటన్ ధైర్యంగా నొక్కగలం.