వదలకముందు బాణం

విలువిద్య గురించి ఎవరు మాట్లాడినా బాణం నారిని వదిలిన తరవాతి సంగతులే మాట్లాడతారు. ఎంత దూరం పోయింది, గురి తగిలిందా, ఎంత లోతు దిగింది. పందెపు మైదానంలో ఆ ప్రశ్నలు చాలు. అడవిలో బాణం ఎగిరేది అర సెకను కూడా ఉండదు. దాన్ని నారికి తగిలించి, జంతువు పక్కకు తిరిగే దాకా, అడ్డొచ్చిన కొమ్మ దాటే దాకా కాచుకుని ఉండేది మాత్రం నిమిషాల తరబడి, ఒక్కోసారి గంటల తరబడి. అంతసేపూ బాణం జారకూడదు, వింటికి తగిలి టక్కుమనకూడదు, ఈకలు నలగకూడదు. సమయం వచ్చిందా, ఏ అడ్డూ లేకుండా వెళ్లిపోవాలి. అందుకే ఏ దేశపు వేట విలువిద్యనైనా తూచాలంటే, అది బాణాన్ని ఎంత బాగా వదిలిందో చూసేముందు వదలకుండా ఎంత బాగా ఉంచుకోగలిగిందో చూడాలంటాను. పాతకాలపు వింటికి బాణాన్ని పట్టి ఉంచే మర ఏదీ లేదు. దాన్ని లోపమని, వెనకబాటుతనమని లెక్కగట్టినవాళ్లున్నారు. ఆ మర చేయాల్సిన పనిని బాణం తోక, నారి లాగే వేళ్లు, విల్లు పట్టిన చెయ్యి తమలో తాము పంచుకున్నాయని గమనిస్తే ఆ లెక్క నిలవదు.

ముందు, జారితే ఏమవుతుందో చూద్దాం. మంచి కర్రవిల్లు నుంచి వచ్చే బాణం సెకనుకు 45, 50 మీటర్ల వేగంతో పోతుంది. చప్పుడు 340 మీటర్ల వేగంతో పోతుంది. ఇరవై మీటర్ల దూరంలో ఉన్న జింకను బాణం చేరడానికి సుమారు 0.4 సెకన్లు పడితే, వింటి చప్పుడు 0.06 సెకన్లలోనే దాని చెవిని చేరుతుంది. అందుకే కర్రవిల్లు వేటగాళ్లు ఎక్కడున్నా దగ్గరికి చేరి కొట్టడాన్నే నమ్ముకున్నారు. దగ్గరికి చేరాక బాణం జారి కర్రకు తగిలితే, గురి తప్పడం కన్నా అది పెద్ద నష్టం: గురి చూసే అవకాశమే పోతుంది. ఇంకో ప్రమాదమూ ఉంది. నారి నిండుగా లాగి ఉన్నప్పుడు బాణం తోక దాని నుంచి ఊడిపోయి, అది గమనించకుండా నారిని వదిలితే, బాణంతో పోవాల్సిన శక్తి అంతా వింటి బద్దలోనే మిగిలిపోతుంది. వెదురైనా, గట్టి కర్రయినా, కొమ్ము అతికించిన విల్లయినా ఆ దెబ్బకు విరిగిపోవచ్చు. నెలల తరబడి చేసుకున్న విల్లు అది.

బాణాన్ని నారికి అంటిపెట్టి ఉంచే మొదటి చోటు దాని తోకలో కోసిన గంటు. గంటు బిగువుగా ఉంటే బాణం పడిపోదు కదా అనిపిస్తుంది. పడిపోదు గానీ, నారిని సులువుగా వదలదు కూడా. వేగం తగ్గుతుంది, వెళ్లేటప్పుడు తోక అదిరి దారి తప్పుతుంది, ఎక్కువ బిగువైతే తోక చీలిపోతుంది. మరీ వదులైతే మొదటి కదలికకే ఊడిపోతుంది. ఈ రెంటి మధ్య కొలతకు విలుకాళ్లలో ఒక సులువైన పరీక్ష ఉంది. నారి నేలకు సమంగా ఉండేలా విల్లును పట్టుకుని, బాణాన్ని దాని నుంచి కిందికి వేలాడదీయాలి. అది తన బరువుకు పడిపోకూడదు, పక్కన నారి మీద వేలితో మెల్లగా తడితే పడిపోవాలి. యుద్ధానికీ పందేనికీ ఈ కొలత ఒకటి కాదని రోజర్ ఆస్కమ్ ఇంగ్లండులో 1545లోనే రాసిపెట్టాడు. తన ‘టాక్సోఫిలస్’లో ఆయన యుద్ధానికి లోతైన, పొడవైన గంటు మేలన్నాడు, బాణం ఊడిపోకుండా ఉంటుందని, పందెపు గురికి లోతు తక్కువ, గుండ్రని గంటు మేలన్నాడు, శుభ్రంగా వదులుతుందని. ఆయన యుద్ధం గురించి చెప్పిన మాట వేటకూ సరిపోతుంది, రెండు చోట్లా కాచుకోవడమే ఎక్కువ గనక. తురుష్క ఒట్టోమన్ల పనివాళ్లు ఇంకో దారి కనిపెట్టారు. విడిగా చెక్కిన రెండు ముక్కలను తోకకు అతికించి, నోరు ఇరుకుగా, లోపల వెడల్పుగా ఉండే గంటు చేశారు. నారి ఇరుకు నోటిని దాటి లోపలికి దిగాక అక్కడ వదులుగానే ఉంటుంది, కానీ బయటికి రావడానికి కాస్త తోపు కావాలి. దౌడు తీసే గుర్రం మీద కూడా బాణం నారిని అంటుకునే ఉంటుంది. జపానులో గంటును మార్చకుండా నారినే మార్చారు. నారి నడుమ బాణం తగిలే చోట జనపనార చుట్టి, గంటుకు సరిపడేంత లావు చేస్తారు. గుర్రాన్ని దౌడు తీయిస్తూ వరసగా మూడు గురులను కొట్టే యబుసమే ఆటలో ఆ చుట్టు లేకపోతే రెండో బాణం దాకా కూడా రాలేరు. ఆ దేశపు విలువిద్య అయిన క్యూదోలో బాణం చేజారడాన్ని తప్పుగా లెక్కగట్టి, పడ్డ బాణాన్ని ఎలా వంగి తీసుకోవాలో కూడా మర్యాదలు ఏర్పరిచారు.

అసలు గంటే లేని బాణాలూ ఉన్నాయి. న్యూగినీ కొండప్రాంతాల వేటగాళ్ల బాణానికి ఈకలు లేవు, తోకలో గంటూ లేదు. మొద్దుగా తెగ్గోసిన తోకను బద్దలాంటి వెడల్పాటి నారికి ఆనించి వేళ్లతో నొక్కిపట్టి లాగుతారు. బాణం నిలకడ అంతా వేళ్లదే. ఇక్కడికొస్తే రెండో చోటు ఎంత పెద్దదో తెలుస్తుంది. 1885లో ఎడ్వర్డ్ మోర్స్ అనే అమెరికన్ పండితుడు ప్రపంచంలో నారి పట్టే పద్ధతులన్నిటినీ పోగుచేసి అయిదు రకాలుగా విభజించాడు. వాటిలో మూడు బాణం తోకను వేళ్ల మధ్య చిటికెలా పట్టి లాగేవి, ఒకటి మూడు వేళ్ల పట్టు, మరొకటి బొటనవేలి పట్టు. ఈ వర్గీకరణను ఆ తరవాత చాలామంది విమర్శించారు, సవరించారు. అయినా చివరి రెంటి మధ్య తేడా మన చర్చకు కీలకం. యూరపులో వాడుకలో ఉన్న మూడు వేళ్ల పట్టులో, కుడిచేతి విలుకాడి బాణం వింటికి ఎడమ పక్కన ఉంటుంది. లాగేటప్పుడు వేళ్లు ముడుచుకుంటాయి, వాటి మీద నారి కొంచెం దొర్లుతుంది, ఆ దొర్లుడుతో బాణం ముందరి కొన వింటిని విడిచి ఎడమకు జరుగుతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లంతా మొదట తిట్టుకునేది దీన్నే. జరుగుతోందని కంగారుపడి తోకను చూపుడువేలికీ మధ్యవేలికీ మధ్య గట్టిగా నొక్కుతారు, దాంతో ఇంకా జరుగుతుంది. తోకను నొక్కకపోవడం, చేతి వెనకభాగాన్ని తిన్నగా ఉంచడం, వేళ్లను దొర్లుడుకు ఎదురుగా కాస్త తిప్పడం, ఇవే మందు. ఇక్కడ బలం పనికిరాదు, బలం తగ్గించుకోవడమే నేర్చుకోవాలి.

బొటనవేలి పట్టులో ఇదే దొర్లుడు విలుకాడికి సాయం చేస్తుంది. నారిని బొటనవేలు కొక్కెంలా పట్టుకుంటుంది, దాని గోటి మీద చూపుడువేలు అదిమిపెడుతుంది, బాణం వింటికి కుడి పక్కన ఉంటుంది. ముంజేతిని కొద్దిగా లోపలికి తిప్పితే చూపుడువేలి మొదలు బాణాన్ని పక్కనుంచి వింటికేసి ఒత్తుతుంది. లాగేకొద్దీ బాణం వింటికి ఇంకా ఆనుకుంటుందే గానీ దూరం జరగదు. విల్లును ఎటు వంచినా, గుర్రం ఎలా ఎగిరినా నిలుస్తుంది. మంగోలుల నుంచి మొఘలుల దాకా గుర్రం మీద విల్లు పట్టిన జాతులు ఈ పట్టునే ఎంచుకోవడం యాదృచ్ఛికం కాదనుకుంటాను. బొటనవేలు తెగకుండా వాళ్లు తొడుక్కున్న ఉంగరాలు మ్యూజియాల్లో కనిపిస్తాయి; హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో షాజహాన్ పేరుతో ఉన్న పచ్చరాతి ఉంగరం అలాంటిదే. నగ అనుకుని దాటిపోయేవాళ్లే ఎక్కువ.

మన సంస్కృత గ్రంథాల్లోనూ ఈ పట్టు ఉంది. వసిష్ఠుడి పేరున ఉన్న ధనుర్వేద సంహిత నారి పట్టే ముష్టులను అయిదుగా చెబుతుంది: పతాక, వజ్రముష్టి, సింహకర్ణం, మత్సరి, కాకతుండి. వాటి మధ్య తేడా ప్రధానంగా చూపుడువేలు, బొటనవేలు ఒకదానికొకటి ఎక్కడ ఆనుతాయన్న దగ్గరే. బరువైన బాణానికి ఒక ముష్టి, సూక్ష్మమైన గురికి ఇంకొకటి అని విడివిడిగా చెప్పడం చూస్తే, ఒకే పట్టు అన్నిటికీ చాలదని వాళ్లకు తెలుసని అర్థమవుతుంది. ఏకలవ్యుడి కథ కూడా ఈ వెలుగులో మరోలా కనిపిస్తుంది. ద్రోణుడు అడిగింది కుడిచేతి బొటనవేలు. ఆదిపర్వంలో ఏకలవ్యుడు దాన్ని ఇచ్చాక కూడా మిగిలిన వేళ్లతో బాణం వేశాడు. కాకపోతే మునుపటి వేగం రాలేదు. పురాణకథను సాంకేతిక సాక్ష్యంగా ఎలా తీసుకుంటారని అడగవచ్చు. చరిత్రగా తీసుకోనక్కర్లేదు. ఆ కథ చెప్పినవాళ్లకూ విన్నవాళ్లకూ బొటనవేలు పోతే విలుకాడి నేర్పు పోతుందన్నది వివరించనవసరం లేనంత తెలిసిన విషయం, అంతవరకు చాలు. విద్య మొత్తం పోకుండా వేగమే పోవడం కూడా నిజానికి దగ్గరగా ఉంది. వేళ్లతో లాగవచ్చు. కానీ బాణాన్ని చప్పున తగిలించి, కదలకుండా పట్టి, మళ్లీ తగిలించే పనిలో ఎక్కువ భాగం బొటనవేలిది.

మూడో చోటు విల్లు పట్టిన చెయ్యి. విల్లును నిటారుగా కాక కుడివైపు వాలిస్తే, మూడు వేళ్ల పట్టులో ఉన్న బాణం తన బరువుకే చెయ్యీ విల్లూ కలిసే మూలలో పడి ఉంటుంది. ఫ్రెడ్ బేర్, హోవర్డ్ హిల్ వంటి అమెరికన్ వేటగాళ్లు విల్లును వాల్చే కొట్టేవారు. కాచుకుని ఉన్నంతసేపూ విల్లు పట్టిన చేతి చూపుడువేలిని బాణం మీద వేసి ఉంచి, లాగడం మొదలుకాగానే తీసేయడం ఇప్పటికీ వాడుకలో ఉంది. ఇలాంటి మెళకువలన్నీ ఒకే మనిషిలో కలిసి కనిపించింది ఇషి దగ్గర. కాలిఫోర్నియా యాహి జాతిలో చివరివాడుగా 1911లో ఒరొవిల్ ఊరికి ఒంటరిగా వచ్చిన ఇషి, 1916లో చనిపోయేదాకా విశ్వవిద్యాలయ మ్యూజియంలో ఉన్నాడు. అక్కడి శస్త్రవైద్యుడు శాక్స్‌టన్ పోప్ అతని దగ్గర విల్లు నేర్చుకుని, చూసిందంతా రాసిపెట్టాడు. ఇషి విల్లును దాదాపు అడ్డంగా, అరచెయ్యి పైకి ఉండేలా పట్టేవాడు. బొటనవేలిని నారి కింద మడిచి, దాని గోటికి మధ్యవేలి కొనను దన్నుపెట్టి, చూపుడువేలిని బాణం మీద ఆనించి ఉంచేవాడు. లాగడానికి రెండు వేళ్లు, కాపాడటానికి ఒకటి: పని విభజన ఇంత స్పష్టంగా ఉన్న పట్టు మరొకటి అరుదు. పొద చాటున కూర్చుని పెదవులకు వేళ్లు ఆనించి కుందేలు కూతలాంటి చప్పుడు చేసి జంతువులను పిలిచే అలవాటు కూడా అతనికి ఉండేది. వేళ్లు పెదవుల దగ్గర ఉన్నంతసేపూ నారి దగ్గర ఉండలేవు. అలాంటి వేటకు అడ్డంగా పట్టిన విల్లు ఎంత సరైనదో చెప్పనక్కర్లేదు.

ఇదంతా ఎందుకు, ఈరోజు ప్లాస్టిక్ గంటు కొనుక్కుంటే అది టిక్కున నారికి తగులుకుంటుంది కదా, అన్నది సహజంగా వచ్చే ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే. పాతరకం విల్లు పట్టేవాళ్లలోనూ చాలామంది అదే వాడతారు, వాడటంలో తప్పూ లేదు. కానీ అది సగం సమస్యనే తీరుస్తుంది. తోక నారికి అంటుకున్నా ముందరి కొన ఇంకా వింటి మీద నిలవాలి. దానికీ రబ్బరు పట్టీలు, క్లిప్పులు వచ్చాయి, అయితే వాటిని పక్కకు తోయడానికి ఒక కదలిక, ఒక చప్పుడు అదనం. ఇక కాంపౌండ్ విల్లు సంగతి వేరు. విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు గెలిచింది ఆ వింటితోనే. అందులో నారిని వేళ్లు తాకవు, దానికి కట్టిన చిన్న ఉచ్చును పట్టుకున్న పరికరం లాగుతుంది, కాబట్టి నారి దొర్లడమన్న బెడద రాదు. ఆమె నేర్పు తక్కువదని దీనర్థం కాదు. ఆ నేర్పు మరో చోట ఖర్చవుతోంది, అంతే. ఒక సమస్యను పరికరానికి అప్పగిస్తే చెయ్యి దాన్ని మరిచిపోతుంది, ఆ మరుపు లాభమో నష్టమో పని మీద ఆధారపడి ఉంటుంది.

ఇంతకన్నా గట్టి అభ్యంతరం మరొకటి ఉంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక మన దేశంలో వేట నేరం, మరి వేట మెళకువలకు విలువ ఎక్కడిది? చట్టం మంచిదే, దాన్ని సడలించాలని నేననను. అయితే ఒక విద్యను అర్థం చేసుకోవడానికీ దాన్ని మళ్లీ ప్రయోగించడానికీ మధ్య దూరం ఉంది. పైగా వేట అంటే చంపడమేనన్న మన ఊహ సరైంది కాదు. క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ 1943లో నల్లమల చెంచుల మీద అచ్చువేసిన పుస్తకంలో వాళ్లను ప్రధానంగా అడవి దుంపలు, పళ్లు ఏరుకుని బతికేవాళ్లుగానే చూపించాడు. వేటకు వెళ్లిన విల్లు ఖాళీగా తిరిగొచ్చిన రోజులే ఎక్కువగా ఉండాలి. ఆ రోజుల్లో ఆ విలుకాడు చేసింది బాణాన్ని తగిలించడం, పట్టి ఉంచడం, మళ్లీ తీసేయడం.

ఆ తీసేయడమే అన్నిటికన్నా కష్టం. నిండుగా లాగిన నారిని, జంతువు తప్పుకున్నాక, వదలకుండా నెమ్మదిగా ముందుకు దించాలి. లాగేటప్పుడు బిగిసిన వేళ్లు దించేటప్పుడు సడలుతాయి, భుజం అలసి ఉంటుంది, మనసు అప్పటికే బాణం మీద నుంచి పక్కకు పోయి ఉంటుంది. తోక నారి నుంచి ఊడేదీ, బాణం ముందరి కొన పక్కకు జారేదీ ఎక్కువగా అప్పుడే. అందుకే దించేటప్పుడు ములికిని నేల వైపు వాల్చి, మనుషులూ కుక్కలూ లేని దిక్కుకు తిప్పి ఉంచుతారు. నారి సగం దిగే దాకా బాణం మీద చూపుడువేలు వెయ్యరు, పదునైన ములికి ఆ వేలిని దాటి ముందుకు పోయేదాకా ఆగుతారు. విల్లు పూర్తిగా సడలాక బాణాన్ని తీసి పొదిలో పెట్టేస్తారు. నారికి తగిలించిన బాణంతో అడవిలో నడవరు.