చక్రములు మంద్రధ్వనిని చెరచునా?

మంద్రధ్వని పెట్టెకు చక్రములు బిగించినచో నాదము పలుచబడునను వాదము లెక్కకు నిలువదు. సెకనుకు 40 కంపనములుగల ధ్వనికి గాలిలో తరంగదైర్ఘ్యము సుమారు 8.6 మీటర్లు, చక్రములు పెట్టెను లేపునది 10 సెంటీమీటర్లే. పెట్టె వెనుకకు జరిగి శక్తిని హరించుననుటయు సరికాదు. 100 గ్రాముల శంకువు 4 మిల్లీమీటర్లు కదలినప్పుడు, 40 కిలోగ్రాముల పెట్టె కదలునది అందులో 400వ వంతే.

అయితే వాదమున లేశము నిజము కలదు. చెక్క వేదికపై నేరుగా కూర్చున్న పెట్టె పలకలను వణకించును. రబ్బరు చక్రములు ఆ వణకును తగ్గించును. ఆ వణకునే కొందరు నాదమని భ్రమింతురు. వదులు చక్రము గిలక్కాయవలె మ్రోగుట మాత్రము నిజమైన దోషము. దానికి మందు మరలు బిగించుటే. నారాయణపేట పెండ్లిపందిట పెట్టె మోయువాని నడుము ఇట్టి అపోహకు బలి కారాదు.