టాంటన్‌లో ఎదురుచూపు

2016 సెప్టెంబరు 23, ఇంగ్లండ్ కౌంటీ సీజన్‌కి ఆఖరి రోజు. లార్డ్స్‌లో మిడిల్‌సెక్స్, యార్క్‌షైర్ ఆడుతున్నాయి. ముందురోజే తమ మ్యాచ్ గెలిచేసిన సోమర్సెట్ వాళ్ళు టాంటన్‌లో టీవీ ముందు కూర్చున్నారు. లార్డ్స్‌లో డ్రా అయితే చాలు, అప్పటిదాకా ఒక్కసారీ ఛాంపియన్‌షిప్ గెలవని సోమర్సెట్‌దే టైటిల్. నేను ఆఫీసులో స్కోరుకార్డు రిఫ్రెష్ చేస్తూ కూర్చున్నా.

లార్డ్స్‌లో ఆడేవాళ్ళకి డ్రా అక్కర్లేదు. అందుకని బేరం కుదిరింది. యార్క్‌షైర్ కావాలనే తేలిక బంతులేసి పరుగులిచ్చింది. లక్ష్యం 40 ఓవర్లలో 240. చివర్లో రోలాండ్-జోన్స్ హ్యాట్రిక్, మిడిల్‌సెక్స్ 61 పరుగులతో గెలిచింది.

దీన్ని గొప్ప ముగింపు అంటారు. నాకు మాత్రం అతుకు కనిపిస్తుంది: క్లైమాక్స్ కోసం రచయిత పాత్రల్ని తోసినట్టు. (సోమర్సెట్ అభిమానిని కదా, కొంత ఆ కడుపుమంట కూడా.) రూలేమీ తప్పలేదు, ఇలాంటి డిక్లరేషన్లు కౌంటీల్లో పాత అలవాటే. కానీ నష్టపోయేవాడు ఆ బేరంలో లేడే!

హ్యాట్రిక్ కూడా బేరంలో లేదనుకోండి. సైడ్‌బాటమ్ బౌల్డ్ అయిన ఆ వీడియో ఇప్పటికీ వెతుక్కుని మరీ చూస్తాను. చూసిన ప్రతిసారీ, సోమర్సెట్ వాణ్ణన్న సంగతి ఒక క్షణం ఆలస్యంగా గుర్తొస్తుంది.