మనుషులు దొరకడం లేదట!

డేటా సెంటర్ల గురించి ఈ మధ్య రెండు మాటలు వింటున్నాం. లక్షల ఉద్యోగాలు వస్తాయన్నది ఒకటి. పనికి తగిన మనుషులు దొరకడం లేదన్నది రెండోది. మొదటిది సభల్లో చెప్పే మాట, రెండోది కంపెనీల వాళ్లు తమలో తాము చెప్పుకునే మాట. మన పిల్లల బతుకులకు ఈ రెండింటితోనూ పని ఉంది. అందుకే రెండింటినీ విప్పి చూద్దాం.

2025 అక్టోబరులో గూగుల్ సంస్థ విశాఖపట్నంలో ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెడతామని ప్రకటించింది. దానివల్ల ఏటా 1.8 లక్షలకు పైగా ప్రత్యక్ష, పరోక్ష ఉద్యోగాలు వస్తాయని ప్రభుత్వం లెక్క చెప్పింది. మనం ఆగి చూడాల్సింది 'పరోక్ష' అన్న మాట దగ్గర. ప్రత్యక్షాన్నీ పరోక్షాన్నీ ఒకే కుప్పగా పోస్తే గింజ ఎంతో పొట్టు ఎంతో తెలియదు. పునాది తవ్వే కూలి రెండేళ్లకో మూడేళ్లకో అయిపోతుంది. కట్టడం పూర్తయ్యాక లోపల నిలిచే ఉద్యోగాలు ఎన్ని? అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రంలో, మెయిడెన్ అనే చిన్న ఊళ్లో, ఆపిల్ సంస్థ 100 కోట్ల డాలర్లతో డేటా సెంటర్ కట్టింది. అందులో పూర్తికాలం ఉద్యోగాలు 50 దాకా మాత్రమేనని 2011లో అక్కడి పత్రికలు రాశాయి. డేటా సెంటర్ జూట్ మిల్లు లాంటిది కాదు. డబ్బు ఎక్కువ, కరెంటు ఎక్కువ, మనుషులు తక్కువ.

ఇక రెండో మాట. ఇది అబద్ధం కాదు. డేటా సెంటర్లను పరిశీలించే అప్‌టైమ్ ఇన్‌స్టిట్యూట్ ఏటా జరిపే సర్వేల్లో, తగిన మనుషులు దొరకడం కష్టంగా ఉందని సగానికి పైగా నిర్వాహకులు చెబుతూ వచ్చారు. ప్రపంచమంతటా ఈ రంగానికి 2019లో సుమారు 20 లక్షల మంది కావాల్సి వస్తే, 2025కి ఆ సంఖ్య 23 లక్షలకు చేరుతుందని ఆ సంస్థే అంచనా వేసింది.

ఎలాంటి మనుషులు? డేటా సెంటర్ అనగానే మన పిల్లలకు కంప్యూటర్ ముందు కూర్చున్న ఇంజినీరే కనిపిస్తాడు. లోపలి పని వేరు. కరెంటు ఒక్క క్షణం కూడా పోకూడదు. పోతే బ్యాటరీలు అందుకోవాలి, ఆ వెంటనే డీజిల్ జనరేటర్లు లేవాలి. వేలాది యంత్రాలు వేడెక్కకుండా చిల్లర్లు రాత్రింబవళ్లు తిరగాలి. వీటిని కనిపెట్టుకుని ఉండేది ఎలక్ట్రీషియన్లు, ఏసీ మెకానిక్‌లు, డీజిల్ మెకానిక్‌లు, ఫైబర్ కేబుల్ అతికేవాళ్లు, షిఫ్టుల్లో కంట్రోల్ రూమ్ చూసేవాళ్లు. పదో తరగతి తర్వాత ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడు రెండేళ్లు. రిఫ్రిజిరేషన్, ఏసీ మెకానిక్ రెండేళ్లు. డీజిల్ మెకానిక్ ఒక ఏడాది. ఇదేమీ ఆకాశానికి నిచ్చెన వేయడం కాదు.

మరి కొరత ఎందుకు? అందరూ అనుభవం ఉన్నవాళ్లే కావాలంటారు. మొదటి అనుభవం ఇవ్వడానికి మాత్రం వెనకాడతారు. ఒక కంపెనీ తయారు చేసిన మనిషిని ఇంకో కంపెనీ జీతం పెంచి ఎగరేసుకుపోతుంది. విత్తనం ఎవరూ చల్లరు, కోతకు మాత్రం అందరూ కొడవళ్లు పట్టుకుని వస్తారు. దీనికి 'నైపుణ్యాల కొరత' అని పేరు పెట్టి, తప్పు మన పిల్లల మీదకు నెట్టడాన్ని మేం ఒప్పుకోం.

ఈ విషయం అడిగే హక్కు మన్యానికి ఉంది. మాచ్‌ఖండ్ 120 మెగావాట్లు. ఎగువ సీలేరు 240, డొంకరాయి 25, దిగువ సీలేరులో మొదట కట్టినవి 460. అన్నీ కలిపితే 845. ఇవన్నీ మన కొండల నీళ్లతో, మన ఊళ్లు మునిగిన చోట వెలిగిన దీపాలు. విశాఖలో ఇప్పుడు చెబుతున్న సామర్థ్యం ఒక గిగావాట్, అంటే 1,000 మెగావాట్లు. పైన లెక్కేసిన ఈ పవర్‌హౌస్‌లన్నీ కలిపినా దానికి సరితూగవు. ఆ పవర్‌హౌస్‌ల పక్కనున్న గూడేలకు కరెంటు ఎప్పుడొచ్చిందో, వాటిలో మనవాళ్లకు ఏ పనులు దక్కాయో పెద్దవాళ్లను అడగండి. అదే కథ మళ్లీ నడవకూడదనే ఈ వ్యాసం.

మాట మీద నమ్మకం సరిపోదని జీవో నంబరు 3 మనకు నేర్పింది. 2000లో వచ్చిన ఆ జీవో ఏజెన్సీ బడుల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చింది. అందుకే ఇరవయ్యేళ్లు మన చదువులన్నీ ఆ ఒక్క తలుపు వైపే నడిచాయి. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఇప్పుడు కొత్త తలుపులు వెతకాలి. పత్రికల్లో వచ్చిన తర్లువాడ, అడవివరం, రాంబిల్లి మూడూ మైదానంలోవే. అక్కడ ఐదో షెడ్యూలు వర్తించదు. ప్రైవేటు కంపెనీలో రిజర్వేషనూ లేదు.

అయితే మైదానంలోనూ పనికొచ్చే చట్టం ఒకటుంది. అది 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం. 30 మంది లేదా అంతకు మించి పనిచేసే సంస్థ, కాంట్రాక్టు కార్మికులతో కలిపి లెక్కేసి, రెండున్నర నుంచి 15 శాతం మంది అప్రెంటిస్‌లను తీసుకోవాలి. ప్రైవేటు సంస్థ అయినా సరే. ఆ శిక్షణ స్థానాల్లో ఎస్సీ, ఎస్టీలకు కొన్ని కేటాయించాలని అదే చట్టం చెబుతోంది. కంపెనీలు ఇవ్వని ఆ మొదటి అనుభవం ఇక్కడే దొరుకుతుంది. అప్రెంటిస్ శిక్షణ ఉద్యోగం కాదు, నిజమే. కానీ ఉద్యోగానికి అది గడప.

కాబట్టి మనం అడగాల్సినవి తేటగా ఉన్నాయి. కట్టుబడి కూలి వేరు, శాశ్వత ఉద్యోగం వేరు అని లెక్క రాసి ఇవ్వాలి. పాడేరు, అరకు, రంపచోడవరం, సీతంపేట ప్రాంతాల పిల్లలకు అందేలా ఆ ట్రేడుల్లో సీట్లు, పనిచేసే యంత్రాలు, పాఠం చెప్పే శిక్షకులు ఉండాలి. అప్రెంటిస్ స్థానాలు ఎన్ని, వాటిలో గిరిజనులు ఎందరో ఏటా బయటపెట్టాలి. నగరంలో షిఫ్టు పని చేసే పిల్లకు, పిల్లాడికి తలదాచుకునే హాస్టల్ కావాలి. గేటు దగ్గర కాపలా, గడ్డి కోత మాత్రమే మనకు మిగిల్చి 'స్థానికులకు ఉపాధి' అని బోర్డు పెడితే ఊరుకోకూడదు.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక మాట. పదో తరగతిలో ఓమ్ నియమం చెప్పే రోజున, ఈ పాఠం ఏ గదుల్లో జీతమవుతుందో కూడా చెప్పండి. ఆడపిల్లలకు మరీ చెప్పండి. ఎలక్ట్రీషియన్ పని మగవాళ్లదేనని వాళ్లు అనుకోకముందే చెప్పండి. ఇక యువతకు. మనుషులు దొరకడం లేదని ఈసారి ఎవరైనా అంటే, ఐటీఐ సర్టిఫికెట్, అప్రెంటిస్ దరఖాస్తు చేతిలో పట్టుకుని వాళ్ల ఎదుట నిలబడండి. ఎక్కడెక్కడ వెతికారో వాళ్లనే చెప్పమనండి.